మోత పట్టీ

కేరింత నగరిలోకి కారు రానివ్వరు. స్కూటరు రానివ్వరు, సైకిలు రానివ్వరు, ఆఖరికి చంటిపిల్లల్ని కూర్చోబెట్టి తోసుకెళ్ళే బండిని కూడా రానివ్వరు. విశాఖకు ఉత్తరాన, సముద్రపు ఒడ్డున, ఈ చివర నుంచి ఆ చివరకు నాలుగున్నర కిలోమీటర్లున్న ఆ వినోదాల ఊరికి అదే పెద్ద గొప్ప. "ఇక్కడ అందరూ నడుస్తారు, పిల్లలెవరూ అలసిపోరు" అని గేటు మీద నిలువెత్తు అక్షరాలతో రాసిపెట్టారు. ఆ రెండో మాటకు మూలం హైమవతి. అందుకే ఆ బోర్డు చదవగానే ఆమెకు ఒళ్ళు మండింది.

"మొదలుపెట్టకు హైమా," అన్నాడు భర్త యుగంధర్, ఆమె మొహం చూసి. "మూడు రోజులు ఊరికే ఉండమని పిలిచారు. నీ పని మెచ్చుకునే కదా పిలిచారు? హాయిగా ఉందాం."

కౌంటరు వెనక నీలం చీర అమ్మాయి అప్పటికే పిల్లల కాళ్ళకు పట్టీలు కట్టేస్తోంది. ఆరేళ్ళ చైత్ర బుద్ధిగా కాలు చాపింది. మూడున్నరేళ్ళ విభు కాలు ఒక్కచోట ఉంటేనా. వాణ్ణి యుగంధర్ ఎత్తి పట్టుకుంటే గానీ పని కాలేదు. మెత్తటి రబ్బరు పట్టీ, లోపల సన్నటి వెండి తీగ. ఆ తీగ అల్లిక హైమవతి చేతి పనే. దాన్ని అల్లడానికి ఆమెకు నాలుగేళ్ళు పట్టింది.

"వీటికి జత పట్టీలు ఎవరికి కడతారమ్మా?" అని అడిగింది హైమవతి.

"యంత్రానికండీ. పిల్లల అలసటంతా యంత్రం లాగేసుకుంటుందండీ," అంది ఆ అమ్మాయి, రోజూ అందరికీ చెప్పే మాట కాబట్టి తల ఎత్తకుండానే.

అది అబద్ధమని ఆ గేటు దగ్గర తెలిసిన మనిషి హైమవతి ఒక్కతే. ఒంట్లోంచి తీసిన అలసట గాలిలో కలిసిపోదు. ఇంకో ఒంట్లో పడాలి. అది పడడానికి కండ ఉండాలి, కండ వెనక ఊపిరి, నెత్తురు ఉండాలి. ఇనుముకు అవన్నీ ఎక్కణ్ణుంచి వస్తాయి? అడగాల్సిన ప్రశ్న ఆమె నాలుక చివరే ఉంది. ఈలోగా పిల్లలిద్దరూ చెయ్యి విడిపించుకుని పరుగందుకున్నారు. వెనక వరసలో వాళ్ళు విసుక్కుంటున్నారు. ఆమె నోరు మూసుకుని పిల్లల వెంట వెళ్ళింది. తర్వాత దీనికి ఎన్ని కారణాలు చెప్పుకున్నా, ఆ పూట నోరు మూసుకుందన్న మాట మాత్రం నిజం.

* * *

ఆ పట్టీ ఇలాంటి చోటు కోసం పుట్టింది కాదు. పుట్టుకతోనే కండబలం లేని పిల్లలుంటారు. పది అడుగులు వేస్తే వాళ్ళకు పదిమైళ్ళు నడిచినట్టు ఉంటుంది. అలాంటి బిడ్డ అలసటను కన్నతల్లి కాసేపు తన ఒంట్లోకి తీసుకోగలిగితే, ఆ బిడ్డ బడికి నడిచి వెళ్ళగలుగుతుంది కదా అని హైమవతి ఆశ. ఒక తల్లి, ఒక బిడ్డ. అంతవరకే ఆమె లెక్క.

మొదటిసారి చైత్ర కాలికి కట్టి, జత పట్టీ తన చేతికి కట్టుకుంది. పరిశోధనశాల వరండాలో చైత్ర గంటసేపు గెంతింది. హైమవతి కుర్చీలోంచి కదల్లేదు. పది నిమిషాలకు ఆమె పిక్కలు లాగాయి. అరగంటకు తొడలు బరువెక్కాయి. గంటయ్యేసరికి చెమటతో జాకెట్టు తడిసిపోయింది. అటు చైత్ర, నిద్ర లేచినంత తాజాగా "ఇంకాసేపమ్మా" అంటోంది. ఆ రోజు హైమవతి ఆనందం పట్టలేక ఏడ్చేసింది.

పట్టీకి ఒక తాళం కూడా పెట్టింది. కట్టడానికి ఏ షరతూ లేదు గానీ, విప్పాలంటే మాత్రం బిడ్డ పావుగంటసేపు కదలకుండా ఉండాలి. అప్పుడు ఏ చివరన మీట నొక్కినా రెండు తాళాలూ ఒకేసారి ఊడతాయి. బిడ్డ పరిగెడుతుండగా కోసేస్తే, అవతలికి పోయిన అలసటంతా ఒక్క ఉదుటున వెనక్కి వచ్చి పడుతుంది. పసిగుండె ఆ దెబ్బకు తట్టుకోదు.

పరిశోధనశాల పెద్ద డాక్టర్ వరాహమూర్తి దాన్ని కేరింత నగరి వాళ్ళకు ఇచ్చేసినప్పుడు హైమవతి దెబ్బలాడింది. "జత పట్టీ ఎవరికి కడతారు సార్?" అని అడిగింది. "అది వాళ్ళ తలనొప్పమ్మా, మన సంతకం మనం పెట్టాం," అన్నాడాయన. ఆమె కూడా పెట్టింది.

* * *

మొదటి రోజు పిల్లలు ఆగలేదు. నీటి జారుడుబండల నుంచి బొమ్మల రైలుకు, అక్కణ్ణుంచి ఓడల కోనకు, మళ్ళీ వెనక్కి. మామూలుగా సంతలోకి తీసుకెళితే పావుగంటకే "ఎత్తుకో" అని కాళ్ళకు చుట్టుకునే విభు, తండ్రికంటే ముందు పరిగెత్తాడు. చుట్టూ ఎక్కడ చూసినా అదే. ఎండలో మాడిపోయిన తల్లిదండ్రులు రొప్పుతూ నడుస్తుంటే, పిల్లలు మాత్రం గాలి నిండిన బుడగల్లా ఎగురుతున్నారు. ఒక్క పిల్ల ఏడవదు. ఒక్కడు చంకెక్కడు.

"చూశావా?" అన్నాడు యుగంధర్. "నీ బుర్ర మెచ్చుకోవాలి హైమా."

"ఎవరో మోస్తున్నారు," అంది ఆమె.

"మళ్ళీ అదే పాట."

రాత్రి హోటల్లో మాట్లాడుకోలేదు. పొద్దున్న టిఫిను దగ్గర మాట్లాడుకోలేదు. రెండో రోజు మధ్యాహ్నానికి నగరి చిట్టచివరన ఉన్న మంచు మందిరానికి చేరేసరికి, ఇద్దరూ చెరో బెంచీ మీద కూర్చున్నారు. అద్దం గోడకు అవతల యంత్రాలు కురిపించే మంచులో పిల్లలు పొర్లుతున్నారు.

హైమవతి ఫోను తీసింది. పరీక్షల రోజుల్లో పట్టీలను చూసుకోవడానికి తను రాసుకున్న సాధనం అందులో ఇంకా ఉంది. నిన్న గేటు దగ్గరే తెరవాల్సింది. తెరవలేదు, ఎందుకంటే తెరిస్తే తెలిసిపోతుంది. ఇప్పుడు తెరిచింది.

విభు పట్టీ జత: గుండె వేగం నిమిషానికి నూట నలభై ఆరు.

చైత్ర పట్టీ జత: నూట నలభై ఆరు.

రెండూ ఒకే గుండె. యంత్రానికి గుండె ఉండదు. కింద ఇంకో వరస ఉంది. ఆ ఒంటికి కట్టిన పట్టీలు ఆరు. ఒక మనిషికి రెండుకు మించకూడదని ఒప్పందంలో రాసింది తనే.

"యుగంధర్, పిల్లల్ని బయటికి తీసుకొచ్చి కూర్చోబెట్టు. కదలనివ్వకు. ఒక మనిషి ప్రాణం మీదికి వచ్చింది," అంది లేస్తూ.

"మంచు చూడ్డానికి తీసుకొచ్చి కూర్చోబెట్టమంటావా? నీకేమైనా..."

ఆమె అప్పటికే నడుస్తోంది. జత పట్టీ ఉన్న చోటు ఫోను చూపిస్తోంది. రెండున్నర కిలోమీటర్లు.

* * *

జీడితోపు చాటున రేకుల షెడ్డు. తలుపు మీద "విద్యుత్ విభాగం, ప్రవేశం లేదు" అని రాసుంది. హైమవతి తోసుకుని లోపలికి వెళ్ళింది.

నలభై నులక మంచాలు. ఒకటి ఖాళీ, మిగతా మంచానికొక ఆడమనిషి. చేతులకు వెండి తీగ పట్టీలు. ఒక్కరూ కదలడం లేదు గానీ, నిద్రలో పరిగెత్తే కుక్కపిల్లకు అదిరినట్టు వాళ్ళ కాళ్ళు అదురుతున్నాయి. పైన పంకాలు తిరుగుతున్నా షెడ్డంతా చెమట వాసన. మధ్యాహ్నపు భోజనం గిన్నెలు ఎక్కడివక్కడే ఉన్నాయి. ఎత్తుకుని తినే ఓపిక ఎవరికీ ఉన్నట్టు లేదు.

"ఇటు రాకూడదండీ మేడం," అంటూ ఒక లావుపాటి మనిషి అడ్డం వచ్చాడు. చొక్కా జేబు మీద గణపతిరాజు, పర్యవేక్షకుడు అని ఉంది.

"ఆరు పట్టీలు ఎవరికి కట్టారు?"

"ఒక్కొక్కరికి రెండేనండీ. పొద్దున్నే పట్టీలన్నీ లెక్క చూసుకున్నాను. ఎనభై పట్టీలు, అన్నీ పనిచేస్తున్నాయి." అతను పట్టీలనే చూసుకున్నాడు, మనుషుల్ని చూసుకోలేదు.

హైమవతి అతన్ని దాటుకుని ఫోను చూపిన మంచం దగ్గరికి వెళ్ళింది. నలభై అయిదేళ్ళ మనిషి. బక్క ఒళ్ళు, నుదుట రూపాయంత బొట్టు చెమటకు కారిపోయింది. మోచేతి దాకా వరసగా పట్టీలు, ఒక చేతికి మూడు, ఒక చేతికి మూడు. ఊపిరి ఈల వేస్తున్నట్టు వస్తోంది.

పక్క మంచంలోంచి రాజులమ్మ అనే ముసలావిడ పడుకునే చెప్పింది. "దాని పేరు పైడమ్మ. మరదలు నీలాడింది, పురిటి మంచం మీదుంది. అంచేత మరదలి రెండూ ఇదే కట్టుకుంది. ఆ సివర మంచం దానికి జొరం. దాని రెండూ ఇదే కట్టుకుంది. ఊడుపుల్లోనూ మాది ఇదే పద్దతమ్మా. ఒకతి రాకపోతే దాని వంతు మడి పక్కనోళ్ళే ఊడుత్తారు. లేపోతే దాని పని పోద్ది."

మడిలో అయితే వంతు పంచుకున్నది నడుము మీద పడుతుంది, రాత్రి పడుకుంటే తీరుతుంది. ఇక్కడ అది ఒక్క గుండె మీద పడింది. ఆ సంగతి వాళ్ళకు ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సిన మనిషి గేటు దగ్గర నోరు మూసుకుంది.

"ఇదంతా నటనండీ," అన్నాడు గణపతిరాజు వెనకనుంచి. "నిన్న సాయంత్రం నుంచీ కాలు కాలు అని ఒకటే గోల. చూస్తే కాలి మీద గీత కూడా లేదు. ఇంటికి పోవడానికి వేషాలు."

హైమవతి అతని మాట చెవిన వేసుకోలేదు. ఆమె కళ్ళు ఫోనులోని అంకె మీదే ఉన్నాయి. నూట యాభై రెండు.

"మీరంతా వినండి," అంది గట్టిగా. "ఈమె గుండె ఆగిపోయేలా ఉంది. పిల్లలు కదలకుండా ఉన్న పట్టీలు ఇప్పుడే ఊడతాయి. నేను చూసి చెబుతాను."

నాలుగు పట్టీల తాలూకు పిల్లలు ఎక్కడో అన్నాలు తిని పడుకున్నారు. ఆమె మీట నొక్కగా ఒక్కొక్కటే ఊడింది. ఊడిన పట్టీని అడక్కుండానే ఒకావిడ చెయ్యి చాచి తీసుకుంది. ఇంకొకటి ఇంకొకావిడ. మంచాల మీంచి చేతులు లేచాయి. ఆఖరికి రెండు మిగిలాయి. చైత్రది, విభుది. "మా పిల్లలవే ఊడడం లేదు," అంది హైమవతి.

పైడమ్మ కళ్ళు తెరిచి హైమవతిని చూసింది. ఆ చూపులో దణ్ణాలూ దీవెనలూ ఏమీ లేవు.

"ఆలిద్దరూ నీ పిల్లలేటి?" అంది. "నిన్నట్నుంచి ఒక్క నిమసం కూకోబెట్టనేదే నువ్వు? పిల్లలా, దెయ్యాలా?"

హైమవతి యుగంధర్‌కి ఫోను చేసింది. "కూర్చోబెట్టావా?"

"కూర్చోబెట్టాను. ఐస్‌క్రీం తింటున్నారు."

ఆమె చేతిలోనే ఉంది సాధనం. విభు కాలు నిమిషానికి నూట ఇరవై అడుగులు వేస్తోంది. పదిహేనేళ్ళ కాపురంలో అంత చులకనగా, అంత హాయిగా ఆయన అబద్ధం చెప్పడం ఆమె ఎప్పుడూ వినలేదు. వినే ఉంటుంది, చూపించే సాధనం లేక తెలియలేదేమో.

"ఏదైనా బండి ఉందా? బ్యాటరీ బండి, సైకిలు, ఏదో ఒకటి!" అంది గణపతిరాజుతో.

"ఇక్కడ బండ్లుండవండీ. బోర్డు చూళ్ళేదా?"

ఆమె చెప్పులు అక్కడే వదిలేసి పరిగెత్తింది.

* * *

ముప్పై ఎనిమిదేళ్ళ ఒళ్ళు. ఎండ నడినెత్తిన ఉంది. రంగు రాళ్ళు పరిచిన బాట పెనంలా కాలుతోంది. దారి పొడుగునా పిల్లలు నవ్వుతూ ఆమెకు ఎదురొచ్చారు. ఆ నవ్వులన్నీ ఆ షెడ్డులో ఏ మంచం మీద పడుతున్నాయో ఆమెకు ఇప్పుడు తెలుసు. తన మీద తనకే అసహ్యం వేసింది. ఒకచోట డొక్కలో నొప్పి వచ్చి స్తంభం పట్టుకుంది. ఫోనులో నూట అరవై ఒకటి. మళ్ళీ పరిగెత్తింది.

మంచు మందిరంలోకి బొబ్బలెక్కిన అరికాళ్ళతో దిగింది. చైత్ర జారుడు గుట్ట మీద ఉంది. విభు మంచు ముద్దలు తన్నుతున్నాడు. ఇద్దరినీ చెరో రెక్కా పట్టుకుని బయటికి లాగి, నేల మీద చతికిలబడి, ఒళ్ళో అదిమి పట్టుకుంది.

"వదులు! వదులమ్మా!"

"కదలకండి. పావుగంట కదలకండి. కదిలితే ఒక పెద్దమ్మ చచ్చిపోతుంది."

ఆ మాటకు చైత్ర బిగుసుకుపోయింది. విభుకు ఆ మాటే అర్థం కాలేదు. వాడు తన్నాడు, కొరికాడు. జనం మూగారు. ఎవరో ఫోనులో చిత్రం తీస్తున్నారు. "పిల్లల్ని అలా నొక్కేస్తారా, మీరేం తల్లండీ?" అంది ఒకావిడ. నీలం చీరల వాళ్ళు ఇద్దరు వచ్చి, ఇతర అతిథులకు ఇబ్బందిగా ఉందన్నారు. యుగంధర్ ఆమె భుజం పట్టి గుంజాడు.

"పరువు తీస్తున్నావు. లే!"

"నువ్వు అబద్ధం చెప్పావు. నా జోలికి రాకు. వస్తే అరుస్తాను."

ఆయన చెయ్యి తీసేశాడు. ఆమె విభు కాళ్ళను తన తొడల మధ్య బిగించి, చెవిలో ఆవు కథ, కాకి కథ, వచ్చిన కథలన్నీ చెప్పింది. ఏడెనిమిది నిమిషాలకు వాడు సద్దుమణిగాడు. అక్కణ్ణుంచి నిమిషాలు లెక్కపెట్టింది. పన్నెండు. పదమూడు. ఫోనులో నూట అరవై ఎనిమిది. పద్నాలుగు.

ఆమె మీటలు నొక్కగానే టక్కున రెండు పట్టీలూ ఊడాయి. ఆ క్షణమే ఫోనులో అంకె మాయమైంది. జత లేదు కాబట్టి మాయమైందో, గుండె ఆగి మాయమైందో చెప్పడానికి దారి లేదు.

చైత్ర "నిద్రొస్తోందమ్మా" అని మెడ వాల్చేసింది. రెండు రోజుల్లో ఆ పిల్ల నోట అలాంటి మాట రావడం అదే మొదలు. విభు మాత్రం గుక్కపట్టి ఏడుపు అందుకున్నాడు. అంతసేపూ అదిమిపెట్టిన కోపమంతా ఇప్పుడు తీర్చుకుంటున్నాడనుకుంది హైమవతి. చుట్టూ ఉన్నవాళ్ళూ అదే అనుకున్నారు.

"తృప్తిగా ఉందా?" అన్నాడు యుగంధర్, చైత్రను భుజాన వేసుకుంటూ.

గేటుకు ఉన్నది ఒకటే బాట. ఆ షెడ్డు మీదుగానే పోవాలి. హైమవతి ఊడిన పట్టీలు కొంగున ముడేసుకుని, విభును చంకనేసుకుని నడిచింది. వాడు ఏడుపు ఆపలేదు. కిలోమీటరు దాటేసరికి ఆమె చేతులు తిమ్మిరెక్కి వాణ్ణి దింపింది. "నాలుగడుగులు నడవరా నాన్నా," అంది. వాడు నిలబడలేదు, కూలబడ్డాడు. రెక్క పట్టి లేపింది. మళ్ళీ కూలబడ్డాడు. అటు ఒక మనిషి బతికుందో లేదో తెలియదు, ఇటు వీడి మొండితనం. ఆమె సహనం చచ్చిపోయింది. వీపు మీద ఒక్కటి వేసి, మళ్ళీ ఎత్తుకుంది.

* * *

పైడమ్మ బతికే ఉంది. మంచం మీద కూర్చుని, గోడకు ఆనుకుని, రాజులమ్మ పట్టించిన గంజి తాగుతోంది. ఊపిరి ఇంకా ఎగబీలుస్తోంది గానీ, కళ్ళల్లో తేట వచ్చింది. హైమవతి గుమ్మంలోనే ఆగిపోయింది. ఏదో చెప్పాలనుకుంది. క్షమించమనో, ఈ షెడ్డు మూయిస్తాననో. ఆమె నోరు తెరిచేలోపు పైడమ్మే గ్లాసు కింద పెట్టింది.

"ఏడిపించకు ఆ గుంటణ్ణి. ఆడి ఎడం కాలు సూడు."

"మొండితనమమ్మా. ఆడుకోనివ్వలేదని..."

"మొండేటి, నీ మొకం! నిన్న పొద్దుగూకేయేళ ఎక్కణ్ణుంచో దూకినాడు ఆడు. టప్పుమన్నాది ఈడ." ఆమె తన ఎడం మోకాలి కింద చేత్తో కొట్టి చూపించింది. "అప్పట్నుంచి నా కాలు నేల మీద ఆన్లేదు. రేతిరంతా కొరివెట్టి కాల్సినట్టే. ఈ రాజుగోరికి సెప్తే యేసాలన్నాడు. నా కాలుకేటీ అవనేదు గదా, ఎవులు నమ్ముతారు? ఆ గుంటడు ఇరిగిన కాలు మీద నిన్నంతా, ఇయ్యాలంతా ఎగిరినాడు. ఆడికి తెలీదు. నాకు తెలుసు. ఎవులికి సెప్పమంటావు? నువ్వెవులో నాకు తెలీదు గదా."

హైమవతి వాణ్ణి మంచం మీద పడుకోబెట్టి పంట్లాం పైకి లాగింది. మోకాలి కింద వాచి నల్లబడి ఉంది. వేలు ఆనీ ఆనకుండానే వాడు కెవ్వుమన్నాడు. తను ఇందాక వీపు మీద వేసిన దెబ్బ ఆమె అరచేతిలో చురుక్కుమంది.

పరిశోధనశాలలో మూడో రోజున చైత్ర కాల్లో ముల్లు గుచ్చుకుంది. కుర్చీలో ఉన్న హైమవతి ఉలిక్కిపడి కాలు ఎత్తుకుంది. అలసట పోయే దారిలోనే నొప్పి కూడా పోతోందని అప్పుడే తెలిసింది. వరాహమూర్తికి చెప్పింది. "ఒక్కసారి జరిగిందాన్ని రాయకమ్మా, అనుమతి ఆగిపోతుంది," అన్నాడాయన. ఆమె రాయలేదు. ఆ ముల్లు సంగతి ఇన్నాళ్ళూ వాళ్ళిద్దరికి తప్ప ఎవరికీ తెలియదు, ఇప్పుడు ఈ పైడమ్మ కాలికి తెలుసు.

యుగంధర్ అంబులెన్సుకు ఫోను చేశాడు. అరగంటలో గేటు దగ్గరికి వస్తామన్నారు. లోపలికి బండి వచ్చే బాటే లేదని గణపతిరాజు చెప్పాడు. "రెండు కిలోమీటర్లేనండీ. ఎత్తుకెళ్ళిపోవచ్చు," అన్నాడు, అదేదో మంచి సలహా అన్నట్టు.

ఎత్తుకోగానే విభు ఆర్తనాదం షెడ్డంతా నిండింది. అడుగు వేస్తే ఇంకో కేక. రెండు చెక్కముక్కలు కట్టినా, గుడ్డలు చుట్టినా, ప్రతి కదలికకూ వాడి మొహం నీలమవుతోంది. రెండు కిలోమీటర్లు ఇలాగే తీసుకెళ్ళాలి.

యుగంధర్ మంచాల వైపు చూశాడు. మంచం కాళ్ళ దగ్గర పడి ఉన్న ఊడిన పట్టీ చూశాడు. "ఇంతమంది ఉన్నారు కదా," అన్నాడు మెల్లగా. "గేటు దాకానే. ఎవరో ఒకరు..."

హైమవతికి కోపం రావాలి. రాలేదు. ఎందుకంటే ఆ మాట ఆయన నోట వచ్చేలోపే ఆమె చూపు కూడా పైడమ్మ చేతి మీదికి వెళ్ళింది. అలవాటు పడిన చెయ్యి కదా, ఒక్క అరగంట కదా అని మనసులో అనుకుంది కూడా. అనుకున్నందుకు సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది. పైడమ్మ ఆ చూపు చూసింది.

"నాకేసి సూడకు," అంది.

విభు ఏడుస్తూనే ఉన్నాడు.

"ఇది సేసింది నువ్వేనంట గదా. నీ మొగుడూ ఈ రాజుగోరూ మాటాడుకుంటంటే ఇన్నాను." పైడమ్మ వంగి, రొప్పుతూ, కింద పడిన పట్టీ తీసింది. దాని మీద చెమట తన కొంగుతో తుడిచింది. హైమవతి ఒళ్ళోకి విసిరింది. "మా వంతు మేం మోసినాం. కట్టుకో."

హైమవతి కొంగు ముడి విప్పి, విభు పట్టీ వాడి మంచి కాలికి కట్టింది. రెండోది తన చేతికి చుట్టుకుని, తీగ కలిపింది.

మోకాలి కింద గొడ్డలి దిగినట్టయింది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది గానీ కేక ఆగలేదు. మంచం కోడు పట్టుకుని, పళ్ళు బిగించి, అలాగే కాసేపు నిలబడింది. నిన్న సాయంత్రం నుంచి ఈ మధ్యాహ్నం దాకా ఒక మనిషి దీన్ని మోసింది. పక్కనే ఇంకో అయిదుగురు పిల్లల పరుగులు మోస్తూ మోసింది.

విభు ఏడుపు ఠక్కున ఆగింది. వాడు కళ్ళు తుడుచుకుని చుట్టూ చూశాడు.

"నేను ఎత్తుకుంటాను, ఇటివ్వు," అన్నాడు యుగంధర్. ఆయన భుజం మీద చైత్ర మొద్దు నిద్రలో ఉంది.

"నువ్వు దాన్ని పట్టుకో, చాలు," అంది హైమవతి. విభును రెండు చేతులా ఎత్తుకుని గుమ్మం దాటింది.

బయట బాట మీద బొమ్మల రైలు కూత పెట్టుకుంటూ పోతోంది. పిల్లలు దాని వెంట పరిగెడుతున్నారు. విరగకపోయినా హైమవతి ఎడం కాలు నేల మీద ఆనడం లేదు. దాన్ని ఈడ్చుకుంటూ, ఆగుతూ, మళ్ళీ ఈడ్చుకుంటూ నడిచింది. చెమట కళ్ళల్లోకి కారుతోంది. కనుచూపు మేరలో గేటు లేదు.

"అమ్మా, రైలు! నన్ను దింపు," అన్నాడు విభు, ఆమె చేతుల్లో గెంతుతూ. "నేను పరిగెడతా."

"వద్దు నాన్నా. కదలకు."

"నాకేం కాలేదు. దింపు."

ఆమె వాణ్ణి ఇంకాస్త బిగించి పట్టుకుంది. వాడు కాసేపు గింజుకుని, తర్వాత ఆమె మొహంలోకి వింతగా చూశాడు. చిన్న వేళ్ళతో ఆమె చెంపలు తడిమాడు.

"ఎందుకేడుస్తున్నావు?" అని అడిగాడు. "నీకు దెబ్బ తగిలిందా అమ్మా?"